గేమింగ్ పీసీకి ఏ ఎస్‌ఎంపీఎస్? ఓరుగల్లు ఎండకు, మన కరెంటుకు తగిన ఎంపిక

హన్మకొండలోనైనా కరీంనగర్‌లోనైనా దుకాణానికి వెళ్లి గేమింగ్ పీసీ కట్టివ్వమంటే గ్రాఫిక్స్ కార్డు గురించి అరగంట మాట్లాడతారు, ప్రాసెసర్ గురించి పావుగంట. ఎస్‌ఎంపీఎస్ (గోడ కరెంటును పీసీ భాగాలకు తగినట్టు మార్చి ఇచ్చే డబ్బా) దగ్గరికి వచ్చేసరికి మాట ఒక్కటే: “క్యాబినెట్‌లనే 450 వాట్లది వస్తది అన్నా, సరిపోతది.” గిరాకీ కూడా తలూపుతాడు. ఎస్‌ఎంపీఎస్ మారిస్తే గేమ్‌లో ఒక్క ఫ్రేమ్ కూడా పెరగదు కదా అని అతని లెక్క. అయితే పీసీలోని ప్రతి భాగానికీ కరెంటు దాని గుండానే పోతుంది. అది చెడిపోయేటప్పుడు తనొక్కటే పోతుందా, మదర్‌బోర్డునూ కార్డునూ వెంట తీసుకుపోతుందా అన్నది కొన్న రోజే తేలిపోతుంది.

డబ్బా మీద పెద్దక్షరాల్లో ఉండే వాట్ల అంకె కన్నా, ఎస్‌ఎంపీఎస్ పక్కన అంటించిన స్టిక్కర్ మీద చిన్నక్షరాల్లో ఉండే రెండు విషయాలు ముఖ్యం. 12 వోల్టుల లైన్ ఎన్ని ఆంపియర్లు ఇస్తుంది? ఇన్‌పుట్ ఎన్ని వోల్టుల నుంచి ఎన్ని వోల్టుల దాకా తట్టుకుంటుంది? మొదటిది ఎక్కడివాళ్లయినా చూసుకోవాల్సిందే. రెండోది మాత్రం మన దిక్కు ఊళ్లలో ఉండేవాళ్లు తప్పకుండా చూసుకోవాలి.

ముందు లెక్క

మీ పీసీ గరిష్ఠంగా ఎంత లాగుతుందో కూడుకోవడానికి యాప్‌లు అక్కర్లేదు. గ్రాఫిక్స్ కార్డు వాట్లు, ప్రాసెసర్ గరిష్ఠ వాట్లు, మిగతా వాటికి (బోర్డు, ర్యామ్, ఎస్‌ఎస్‌డీ, ఫ్యాన్లు) 60 వాట్లు వేసుకోండి. ప్రాసెసర్ దగ్గర చాలామంది పొరబడతారు. డబ్బా మీద 65 వాట్లు అని ఉన్న ఐ5-12400ఎఫ్ పూర్తి వేగంతో నడిచేటప్పుడు 117 వాట్ల దాకా పోగలదు. రైజెన్ 5 7600 కూడా 65 వాట్లదే, కానీ దాని అసలు హద్దు 88. ఐ7-14700కె అయితే 125 అని రాసి ఉన్నా 253 దాకా వెళ్తుంది.

ఈ మొత్తం ఎస్‌ఎంపీఎస్ సామర్థ్యంలో 70 నుంచి 75 శాతం దాటకుండా చూసుకుంటే చాలు. ఐ5-12400ఎఫ్, ఆర్‌టీఎక్స్ 5060 జత తీసుకోండి. కార్డు 145, ప్రాసెసర్ 117, మిగతావి 60, మొత్తం 322. మంచి 550 వాట్లది హాయిగా మోస్తుంది. ఎన్విడియా కూడా ఈ కార్డుకు 550 వాట్లే సూచిస్తుంది. రైజెన్ 7 7800ఎక్స్3డీ, ఆర్‌టీఎక్స్ 5070 అయితే 162, 250, 60 కలిపి 472. 650 వాట్లు సరిపోతాయి. అదే ప్రాసెసర్‌తో 300 వాట్ల ఆర్‌టీఎక్స్ 5070 టీఐ గానీ 304 వాట్ల ఆర్‌ఎక్స్ 9070 ఎక్స్‌టీ గానీ పెడితే 750కి పోవాలి. 14700కె, 360 వాట్ల ఆర్‌టీఎక్స్ 5080 జతకు 850. గేమ్ ఆడేటప్పుడు ప్రాసెసరూ కార్డూ రెండూ ఒకేసారి తమ తమ హద్దుల దాకా పోవడం అరుదు కాబట్టి అక్కడ లెక్క 80 శాతానికి వచ్చినా భయం లేదు. 575 వాట్ల ఆర్‌టీఎక్స్ 5090కి మాత్రం 1000 కన్నా తక్కువ ఆలోచించొద్దు.

“ఎందుకైనా మంచిదని” 5060 కార్డుకు 1000 వాట్లది కొనడం కూడా డబ్బు దండగే. ఎస్‌ఎంపీఎస్ తన మీద రాసి ఉన్నంత కరెంటును ఎప్పుడూ లాగదు, పీసీ అడిగినంతే లాగుతుంది. కాబట్టి బిల్లు పెరుగుతుందన్న భయం అక్కర్లేదు గానీ, ఆ మిగులు డబ్బుతో 550లోనే మేలురకం వస్తుంది.

స్టిక్కర్ ఎలా చదవాలి

నేటి పీసీలో ప్రాసెసరూ కార్డూ రెండూ 12 వోల్టుల లైన్ మీదే బతుకుతాయి. 12 వోల్టుల గడిలో ఉన్న ఆంపియర్లను 12తో గుణించండి. 550 వాట్ల నిజాయితీ సరుకులో అక్కడ సుమారు 45 ఆంపియర్లు ఉంటాయి, అంటే 540 వాట్లు. క్యాబినెట్‌తో ఊరికే వచ్చే “450 వాట్ల” డబ్బాలో అదే గడిలో 18 ఆంపియర్లు కనిపిస్తే అది 216 వాట్లదే. మిగతా వాట్లను 5 వోల్టులు, 3.3 వోల్టుల లైన్లలో చూపించి 450 చేశారన్నమాట. ఆ లైన్లతో మీ కార్డుకు పనే లేదు. కొన్నింటిలో 12 వోల్టుల లైన్లు రెండుగా రాసి ఉంటాయి. ఆ రెండు అంకెల్నీ కూడేయొద్దు, కింద ఉమ్మడిగా ఇన్ని వాట్లు అని రాసినదాన్నే చూడండి.

ఇంకో గుర్తు బరువు. ఒక చేత్తో మంచిదీ, ఇంకో చేత్తో చవకదీ పట్టుకుని చూస్తే తేడా వెంటనే తెలుస్తుంది. చవక డబ్బాల్లో ఇన్‌పుట్ ఫిల్టర్‌ను ఎత్తేస్తారు, ట్రాన్స్‌ఫార్మర్ చిన్నది వేస్తారు, హీట్‌సింక్ రేకులా ఉంటుంది. వైర్ల మీద ముద్రించిన గేజ్ కూడా చూడండి. 18 ఉండాలి. 20, 22 అని ఉంటే అవి సన్న తీగలు, గేజ్ అంకె పెరిగేకొద్దీ తీగ సన్నబడుతుంది. సన్న తీగలో ఎక్కువ కరెంటు పారితే వేడెక్కి, కనెక్టర్ ప్లాస్టిక్ ముందు పచ్చబడి, తర్వాత కరుగుతుంది.

మన వోల్టేజీకి ఏది తట్టుకుంటుంది

మన సరఫరా పేరుకు 230 వోల్టులు. వరంగల్ నగరం నడిబొడ్డున అది చాలావరకు అటూ ఇటూగా అలాగే ఉంటుంది. లైన్ చివరన ఉన్న కాలనీలు, ఊళ్లు వేరే. యాసంగిలో బావుల దగ్గర మోటర్లు నడిచే వేళ, ఎండాకాలం రాత్రి ఇంటింటా ఏసీలు, కూలర్లు పెట్టిన వేళ వోల్టేజీ 180కి, అంతకన్నా కిందికీ జారుతుంది. ట్యూబులైటు మినుకుమినుకుమనే ఇల్లయితే మీకు ఇంకా చెప్పనక్కర్లేదు.

బజారులో దొరికే ఎస్‌ఎంపీఎస్‌లు ఇన్‌పుట్ విషయంలో రెండు రకాలు. కొన్నింటి మీద 100–240 వోల్టులు అని ఉంటుంది, కొన్నింటి మీద 200–240 అని. ఒకే కంపెనీ ఒకే పేరుతో రెండు రకాలనూ అమ్మడం కద్దు. చవకగా దొరికేది తరచుగా ఆ రెండోదే. 230 వోల్టుల దేశాల కోసమే చేసింది కాబట్టి హైదరాబాద్ అపార్ట్‌మెంట్‌లో దానితో ఇబ్బంది ఉండదు. కానీ వోల్టేజీ 175కి పడే ఇంట్లో అది తన హద్దు దాటి పనిచేస్తున్నట్టు. గేమ్ భారం పెరగ్గానే ఠక్కున ఆగిపోతుంది. దుకాణదారు తన దగ్గర పెట్టి చూస్తే బాగానే నడుస్తుంది, మళ్లీ ఇంటికి తెస్తే మళ్లీ ఆగుతుంది. ఇలా కార్డును అనుమానించి, ర్యామ్ మార్చి, విండోస్ తిరిగి ఎక్కించి, చివరిదాకా అసలు కారణం తెలియక తిప్పలు పడేవాళ్లు చాలామంది.

కాబట్టి ఊళ్లో ఉండేవాళ్లూ, లైన్ చివరన ఉండేవాళ్లూ ధర కొంచెం ఎక్కువైనా 100–240 రకమే తీసుకోవాలని గట్టిగా చెబుతాం. వోల్టేజీ తగ్గితే అది కరెంటు ఎక్కువ లాగి లోటు పూడ్చుకుంటుంది. 400 వాట్ల భారానికి 230 వోల్టుల దగ్గర 1.74 ఆంపియర్లు లాగేది, 170 దగ్గర 2.35 లాగుతుంది. ఆ మేరకు వేడెక్కుతుంది కూడా. అందుకే ఇలాంటి చోట వాట్లలో ఒక మెట్టు పైన ఉండటం మేలు. ఇప్పటికే 200–240 రకం కొనేసి ఉంటే పారేయనక్కర్లేదు, మంచి స్టెబిలైజర్ పెట్టుకోండి.

ఎక్కువ వోల్టేజీ ఇంకా ప్రమాదం. ఈదురుగాలుల రోజుల్లో స్తంభం దగ్గర న్యూట్రల్ తీగ తెగితే ఇళ్లకు 230 బదులు 400 దాకా వచ్చే ఆస్కారం ఉంది. అంత వోల్టేజీని ఏ ఎస్‌ఎంపీఎస్ కూడా నిలబడి తట్టుకోలేదు. బజారులో దొరికే స్పైక్‌గార్డ్ మెరుపులా వచ్చి పోయే పెరుగుదలకే పనికొస్తుంది, నిమిషాల తరబడి నిలిచే వోల్టేజీని ఆపలేదు. హద్దు దాటగానే సరఫరాను తెంపేసే వోల్టేజీ ప్రొటెక్టర్ వేరే ఉంటుంది. ఫ్రిజ్‌లకు పెట్టేదే, పీసీకీ పనిచేస్తుంది. కొనేటప్పుడు మీ పీసీ, మానిటర్ భారాన్ని అది మోస్తుందో లేదో చూడండి. ఉరుములు మొదలైతే ప్లగ్ పీకేయడమే అన్నిటికన్నా ఖాయమైన రక్ష. ఇంటర్నెట్ కేబుల్ కూడా పీకండి, పిడుగు ఆ దారిన కూడా వస్తుంది.

ఎర్తింగ్, ప్లగ్

క్యాబినెట్‌ను తాకితే చేతికి జుమ్మంటోందా? ఎస్‌ఎంపీఎస్ చెడిపోయిందని మార్చేయకండి. ఇన్‌పుట్ ఫిల్టర్‌లో ఫేజ్ నుంచి, న్యూట్రల్ నుంచి ఇనుప పెట్టెకు ఒక్కో చిన్న కెపాసిటర్ ఉంటుంది. ఎర్తింగ్ లేకపోతే వాటి వల్ల పెట్టె మీదికి సుమారు సగం వోల్టేజీ, అతి తక్కువ కరెంటుతో వచ్చి కూర్చుంటుంది. అంటే తప్పు గోడ సాకెట్‌లో ఉంది. పాత ఇళ్లలో మూడో రంధ్రం ఉంటుంది గానీ దాని వెనక తీగ ఉండదు. ఎలక్ట్రీషియన్‌ను పిలిచి సరిచేయించండి.

ఎస్‌ఎంపీఎస్ డబ్బాలో కొన్నిసార్లు గుండ్రటి రెండు పుల్లల యూరప్ ప్లగ్ తీగ వస్తుంది. అది మన సాకెట్‌లో బిగుసుకుంటుంది, పీసీ ఆన్ అవుతుంది, కానీ ఎర్త్ మాత్రం కలవదు. మూడు పుల్లల మన దేశపు తీగ వేరే కొని వాడండి. 850 వాట్ల దాకా 6 ఆంపియర్ల మామూలు సాకెట్ చాలు, ఏసీ సాకెట్ అక్కర్లేదు. వదులైన సాకెట్, పది వస్తువులు గుచ్చిన ఎక్స్‌టెన్షన్ బోర్డు మాత్రం వద్దు.

బ్రాంజ్ తీసుకోవాలా, గోల్డ్ తీసుకోవాలా

బ్రాంజ్, గోల్డ్ అనేవి ఎస్‌ఎంపీఎస్ మీద ఉండే 80 ప్లస్ బిళ్లలో మెట్లు. ఆ బిళ్ల చెప్పేది ఒక్కటే, గోడ నుంచి లాగిన కరెంటులో ఎంత శాతం పీసీకి చేరుతుందన్నది. 230 వోల్టుల కొలతలో సగం భారం దగ్గర బ్రాంజ్‌కు కనీసం 88 శాతం, గోల్డ్‌కు 92 శాతం ఉండాలి. బిల్లు ఆదా కోసం గోల్డ్ కొనమని ఎవరైనా అంటే ఈ లెక్క చూపించండి. పీసీ 300 వాట్లు లాగితే బ్రాంజ్ గోడ నుంచి 341 వాట్లు, గోల్డ్ 326 వాట్లు తీసుకుంటాయి. తేడా 15 వాట్లు. రోజూ 4 గంటలు ఆడినా ఏడాదికి 22 యూనిట్లు. యూనిట్ 8 రూపాయలనుకున్నా 176 రూపాయలు. 650 బ్రాంజ్‌కూ 750 గోల్డ్‌కూ సాధారణంగా రెండు మూడు వేలు తేడా ఉంటుంది. బిల్లు మీద అది తిరిగి రావడానికి పదేళ్లకు పైనే పడుతుంది.

అయినా చాలామందికి గోల్డే నయం. ఆ తరగతిలో కంపెనీలు లోపలి డిజైన్, కెపాసిటర్లు మెరుగ్గా వేస్తాయి, వారంటీ 7 నుంచి 10 ఏళ్లు ఇచ్చేవి దొరుకుతాయి. బ్రాంజ్‌లో 3 నుంచి 5 ఏళ్లు. వేడి కూడా తక్కువ పుడుతుంది. కానీ బిళ్ల నాణ్యతకు హామీ మాత్రం ఇవ్వదు. 80 ప్లస్ పరీక్ష 23 డిగ్రీల చల్లటి గదిలో జరుగుతుంది. ఓవర్‌లోడ్, షార్ట్‌సర్క్యూట్ రక్షణలు పనిచేస్తాయో లేదో అందులో చూడరు. మంచి బ్రాంజ్ ముందు నాసి గోల్డ్ ఓడిపోతుంది. కంపెనీ పేరుతో తృప్తిపడకుండా, కచ్చితంగా ఆ మోడల్‌నే విప్పి, భారం పెట్టి పరీక్షించిన సమీక్ష చూడండి.

ఎండ మాటేమిటి

మే నెల పగటిపూట బయట 43, 44 డిగ్రీలు ఉన్నప్పుడు పై అంతస్తు గదిలో 38 ఉంటుంది. క్యాబినెట్ లోపల ఇంకా ఎక్కువ. రామగుండం వైపు ఈ లెక్క ఇంకో రెండు మెట్లు పైన వేసుకోవాలి. స్టిక్కర్ మీదో కంపెనీ వివరాల్లోనో, పూర్తి వాట్లు ఎన్ని డిగ్రీల దగ్గర ఇవ్వగలదో ఉంటుంది. కొన్ని 40 డిగ్రీలకు, మెరుగైనవి 50 డిగ్రీలకు హామీ ఇస్తాయి. ఏమీ రాయనివాటిని ఎండాకాలంలో నమ్మడం కష్టం. కెపాసిటర్లు 85 డిగ్రీలవా 105 డిగ్రీలవా అన్నది కూడా ఇక్కడే తేడా తెస్తుంది. వేడి పది డిగ్రీలు తగ్గితే కెపాసిటర్ ఆయుష్షు రమారమి రెట్టింపవుతుందని ఎలక్ట్రానిక్స్‌లో ఒక మోటు లెక్క.

బిగించేటప్పుడు క్యాబినెట్ కింద ఖాళీ, జాలి ఉంటే ఎస్‌ఎంపీఎస్ ఫ్యాన్‌ను కిందికి తిప్పండి. బయటి గాలి నేరుగా పీల్చుకుంటుంది. క్యాబినెట్‌ను పరుపు మీదో, పట్టా మీదో, నేలకు ఆనించో పెడితే ఊపిరి ఆడదు. జాలిని నెలకోసారి తీసి దులపండి, పత్తి సీజన్లో అయితే పదిహేను రోజులకోసారి.

కొత్త కనెక్టర్ గొడవ

పాత 8 పుల్లల కనెక్టర్ 150 వాట్లు ఇస్తుంది, మదర్‌బోర్డు స్లాట్ 75. ఇప్పుడు పెద్ద కార్డులకు 600 వాట్ల దాకా మోసే ఒకటే చిన్న కనెక్టర్ వచ్చింది. మొదటి రూపం 12వీహెచ్‌పీడబ్ల్యూఆర్, దాన్ని సరిచేసిన రూపం 12వీ-2×6. ఈ కనెక్టర్లు కొన్ని వేడికి కరిగిపోయాయి, పూర్తిగా లోపలికి దిగకపోవడం దానికి ఒక ముఖ్య కారణం. టక్‌మని దిగాలి, మధ్యలో సందు కనిపించకూడదు. కనెక్టర్ మొదట్లోనే తీగను వంచకండి.

కొత్త కార్డు కొంటుంటే, పీసీ ఎస్‌ఎంపీఎస్‌ల ప్రమాణమైన ఏటీఎక్స్‌లో 3.0 గానీ 3.1 గానీ ఉన్నదే తీసుకోండి. కార్డులు సెకనులో అతి చిన్న భాగం పాటు తమ వాట్లకు రెట్టింపు దాకా ఎగబాకుతాయి. ఈ ప్రమాణం ప్రకారం చేసిన పెద్ద ఎస్‌ఎంపీఎస్‌లు తమ సామర్థ్యానికి రెండింతల భారాన్ని 100 మైక్రోసెకన్ల పాటు తట్టుకోవాలి. పాతవి ఆ ఎగుడును షార్ట్‌సర్క్యూట్ అనుకుని పీసీని కట్టేస్తాయి. గేమ్ మధ్యలో నీలి తెర కూడా రాకుండా ఒక్కసారిగా పీసీ ఆగిపోతే మొదటి అనుమానం దీని మీదే. విండోస్‌లో ‘కెర్నల్-పవర్ 41’ అన్న నమోదు కనిపిస్తే అది కారణాన్ని చెప్పదు, పీసీ చెప్పకుండా ఆగిందని మాత్రమే చెబుతుంది.

8 పుల్లల కార్డులకు, 225 వాట్లు దాటితే, ఒకే తీగకు ఉన్న రెండు తలల్నీ గుచ్చకుండా రెండు వేరు వేరు తీగలు వాడండి. మోలెక్స్ (పాతకాలపు నాలుగు పుల్లల కనెక్టర్) నుంచి కార్డుకు మార్చే అడాప్టర్లు అసలే వద్దు.

మాడ్యులర్ (తీగలు ఊడదీసి పెట్టుకోగలిగే) ఎస్‌ఎంపీఎస్ కొంటే ఒక్క జాగ్రత్త ప్రాణంతో సమానం. పాత ఎస్‌ఎంపీఎస్ తీగల్ని కొత్తదానికి తగిలించొద్దు. కనెక్టర్ సరిగ్గా సరిపోయినా, ఎస్‌ఎంపీఎస్ వైపు పుల్లల వరుస కంపెనీ కంపెనీకీ, ఒకే కంపెనీలో మోడల్ మోడల్‌కీ మారుతుంది. 5 వోల్టులు వెళ్లాల్సిన చోట 12 వెళ్లి హార్డ్‌డిస్కులు ఒక్క క్షణంలో కాలిపోతాయి.

యూపీఎస్, ఇన్వర్టర్

600 వీఏ యూపీఎస్ అంటే 600 వాట్లు కాదు, చాలావాటిలో 360 వాట్లే. 322 వాట్ల పీసీకి మానిటర్ కలిపితే అది అంచున నిలబడుతుంది, కరెంటు పోయిన క్షణమే కేకేసి ఆగిపోతుంది. 1000 వీఏ, 600 వాట్లది తీసుకోండి. గేమ్ ఆడుకోవడానికి కాదు, సేవ్ చేసి మూసేయడానికి ఆ నాలుగైదు నిమిషాలు.

ఇంటి ఇన్వర్టర్ మీద నడపాలంటే ప్యూర్ సైన్‌వేవ్‌దే (గోడ కరెంటులాగే నున్నటి అలగా ఇచ్చేదే) కావాలి, వెనక ఉన్న స్విచ్ యూపీఎస్ మోడ్‌లో పెట్టాలి. సరఫరా తెగాక ఎస్‌ఎంపీఎస్ తన లోపలి కెపాసిటర్ మీద బతికేది 16, 17 మిల్లీసెకన్లే. ఏటీఎక్స్ 3.1లో పూర్తి భారం దగ్గర 12 ఉన్నా ఒప్పుకుంటారు. ఎకో మోడ్‌లో ఇన్వర్టర్ మారడానికి అంతకన్నా ఎక్కువ సమయం తీసుకుంటుంది కాబట్టి లైట్లు ఆరకపోయినా పీసీ ఆరిపోతుంది. చవక స్క్వేర్‌వేవ్ ఇన్వర్టర్ల మీద యాక్టివ్ పీఎఫ్‌సీ (గోడ నుంచి కరెంటును సమంగా లాగే ఏర్పాటు) ఉన్న ఎస్‌ఎంపీఎస్‌లు గుయ్యిమంటాయి, కొన్ని అసలు నడవవు.

ఏది ఎవరికి

5060, ఆర్‌ఎక్స్ 9060 ఎక్స్‌టీ లాంటి కార్డుతో ఆడే విద్యార్థికి, హాస్టల్లోనో నగరంలోనో ఉంటే, 550 వాట్ల మంచి బ్రాంజ్ చాలు. రెండేళ్లలో కార్డు మారుస్తానని ఖాయంగా తెలిస్తేనే 650. మండల కేంద్రంలోనో ఊళ్లోనో ఉంటే అదే కార్డుకు 650 వాట్లది, 100–240 రకం. 5070 స్థాయిలో 750 గోల్డ్, ఏటీఎక్స్ 3.1 తీసుకుంటే ఇంకో కార్డు తరం కూడా దానితోనే గడుస్తుంది. మాకు అన్నిటికన్నా విలువైన కొనుగోలుగా కనిపించేది ఇదే. 5080కి 850, అక్కడ బ్రాంజ్ జోలికి పోవద్దు. కార్డుకు లక్ష పెట్టి ఇక్కడ మూడు వేలు మిగుల్చుకోవడంలో అర్థం లేదు.

సెకండ్‌హ్యాండ్ ఎస్‌ఎంపీఎస్ మాత్రం వద్దు. దానిలో గడిచిన గంటలు పైకి కనిపించవు. బాగు చేస్తానని విప్పొద్దు కూడా, ప్లగ్ తీశాక సైతం లోపలి పెద్ద కెపాసిటర్‌లో 400 వోల్టుల దగ్గరి ఛార్జ్ నిలిచి ఉండొచ్చు.

సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్ నుంచి కొని తెచ్చినా, హన్మకొండలోనే కొన్నా, బిల్లు మీద మోడల్ పేరూ సీరియల్ నంబరూ రాయించుకోండి. డబ్బా దాచండి. దుకాణం మార్చి ఇచ్చే గడువు ఎన్ని రోజులో ముందే అడిగి, ఆ లోపల ఒక మధ్యాహ్నం, ఎండ బాగా ఉన్నప్పుడు, ప్రాసెసర్‌కూ కార్డుకూ ఒకేసారి పూర్తి భారం పెట్టి అరగంట నడపండి. మల్టీమీటర్ ఉంటే మోలెక్స్ కనెక్టర్‌లో పసుపు, నలుపు తీగల మధ్య కొలవండి. 11.4 నుంచి 12.6 లోపల ఉండాలి, భారం పెరిగినప్పుడు పెద్దగా జారకూడదు. కాలిన వాసన వచ్చినా, పీసీ ఒక్కసారి ఆగినా, మరుసటి రోజే డబ్బాతో సహా తీసుకెళ్లి ఇచ్చేయండి.